సాటి

శివరాత్రి జాగారానికి వీపనగండ్లలో మా ఇంట్లో రెండు ఏర్పాట్లు ఉండేవి. మగవాళ్ళు గుడికాడ భజనకు పోతే, ఆడవాళ్ళు వెనక వసారాలో పాత జంపఖానా పరిచి పత్తాలు తీసేవాళ్ళు. ఆడేది మూడు ముక్కలాట, పందెం పల్లికాయలు. యాసంగి పంట అప్పుడే పీకి ఉండేది గనక ఇంట్లో వాటికి కరువు లేదు. అందరూ ఒక్కపొద్దు ఉన్నవాళ్ళే కాబట్టి, తెల్లారేదాకా పందెం సొమ్మును ఎవరైనా నోట్లో వేసుకుంటారన్న భయమూ లేదు. ఏ బ్యాంకుకూ అంత భద్రత ఉండదు.

నాకప్పుడు పదేళ్ళు ఉండొచ్చు. మంచినీళ్ళు అందించే కొలువు నాది. ఒక శివరాత్రి మా మేనత్త చేతిలోని మూడు పత్తాలను జంపఖానా మీద కొట్టి, మా అమ్మను నిలదీసింది.

"ఏంది వదినె, సాటి ఆడదానివై ఉండి ఇట్ల పానం దీస్తవా?"

అమ్మ తల ఎత్తలేదు. పల్లికాయలు కొంగులోకి ఊడ్చుకుంటూ అంది: "సాటిదానివనే గదనె షో అడిగిన."

ఇద్దరూ ఒకే మాట వాడారు. ఒకరికి అది మొర, ఇంకొకరికి అది జవాబు. నలభై ఏళ్ళయింది, ఆ రాత్రి ఎవరు ఎన్ని కాయలు గెలిచారో మరిచిపోయాను గానీ, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

ముందు మేనత్త వాడిన తీరు చూద్దాం. 'సాటి ఆడదానివై ఉండి' అన్నాక వాక్యం మంచి కబురుతో ముగియదు. 'అర్థం చేసుకోవా', 'ఇంత అన్యాయమా', 'నీ నోరెట్లా వచ్చింది' – ఇవే దాని తోకలు. 'సాటి ఆడదానివై ఉండి నాకు కూర పంపినవు' అని ఎవరూ అనరు. అంటే ఈ పదబంధంలో ఒక బాకీ ఉంది: నువ్వూ నాలాంటిదానివే గనక నా వైపు ఉండాలి, ఉండలేదు, అందుకే అడుగుతున్నాను. మగవాళ్ళు ఒకరినొకరు ఈ బాకీ అడగడం తక్కువ. 'సాటి మగాణ్ణి అయి ఉండి నా మీద రమ్మీ కొడతావా' అని ఎవరైనా క్లబ్బులో అంటే, పక్కవాళ్ళు అతనికి జ్వరం ఉందేమోనని నుదురు పట్టి చూస్తారు.

నిఘంటువులు సాటికి సమానం, పోలిక, ఈడు అనే అర్థాలు ఇచ్చి ఊరుకుంటాయి. దాని పక్కనే తిరిగే మాట 'తోటి'. ఈ రెండూ కవలల్లా కనిపిస్తాయి గానీ పుట్టిళ్ళు వేరు. తోటి సంగతి తేలిక: తోడు అనే మాటకు ఔపవిభక్తిక రూపం అది, ఏడు ఏటి అయినట్టు, కాడు కాటి అయినట్టు తోడు తోటి అయింది. ఆ లెక్కన సాటికి 'సాడు' అనే తల్లి ఉండాలి కదా అని కొన్నాళ్ళు వెతికాను. దొరకలేదు. వ్యాకరణం అన్ని ఇళ్ళకూ తల్లులను ఇవ్వదు.

అర్థంలో తేడా మాత్రం స్పష్టం. తోటి పక్కన నడుస్తుంది, సాటి ఎదురుగా కూర్చుంటుంది. తోటికోడలు ఉంది గానీ సాటికోడలు లేదు. (మా వైపు తోటికోడలిని యారాలు అంటారు, ఆ పదానికి వేరే జాగారం కావాలి.) అదే మెచ్చుకోలుకు వచ్చేసరికి 'సాటిలేనిది' అంటాం, తోటిలేనిది అంటే దిక్కులేనిదని అర్థం వస్తుంది. కొలవాలంటే ఎదురుగా ఒకటి ఉండాలి. ఆ ఎదుటిదే సాటి.

ఇక్కడ కొంచెం పడమరకు పోవాలి. మా ఊరి నుంచి కృష్ణ దాటితే గద్వాల వైపు నడిగడ్డ, అంటే కృష్ణా తుంగభద్రల నడిమి గడ్డ. అక్కణ్ణుంచి ఇంకొంచెం పోతే రాయచూరు. ఆ దారిలో తెలుగూ కన్నడమూ ఒకే మంచం మీద పడుకుంటాయి. ఏ కాలు ఎవరిదో చెప్పడం కష్టం. (మా ఊరి పేరు సంగతి కూడా అట్లాంటిదే. 'గండ్ల' అన్నది గండి బహువచనపు ఔపవిభక్తికమని నా ఊహ. 'వీపన' దగ్గరే ఆగిపోతాను. ఇంగ్లీషులో W తో రాసినప్పుడు మాత్రం మొదటి నాలుగక్షరాలకు ఏడుపు అని అర్థం వస్తుంది. దానికి మేం బాధ్యులం కాము.) ఆ కన్నడంలో 'సాటి'కి సమానం అనే అర్థంతో పాటు ఇంకో అర్థం ఉంది: వస్తుమార్పిడి. డబ్బు లేకుండా ఒక వస్తువిచ్చి మరో వస్తువు పుచ్చుకోవడం. ఇంకా పడమరకు పోతే మరాఠీలో 'సాటేలోటే' ఉంది. ఇచ్చిపుచ్చుకోవడమని దాని అర్థం. ముఖ్యంగా పెళ్ళిళ్ళ విషయంలో – మా పిల్లను మీ ఇంటికిచ్చి, మీ పిల్లను మా ఇంటికి తెచ్చుకోవడం.

ఈ మూడు భాషల సాటీ ఒకే టంకసాలలో అచ్చయిన నాణెమని నేను పందెం కాయను. కానీ మూడింటినీ వేలితో మీటితే మోత ఒకటిగానే ఉంది. మార్చుకోవాలంటే రెండు వైపులా ఒకే తూకం ఉండాలి. సమానత్వం అనేది ముందు పుట్టి తర్వాత బేరంలోకి వచ్చిందా, బేరం నుంచే సమానత్వం పుట్టిందా? నేను రెండోదాని వైపు మొగ్గుతాను. మా వాడకు స్టీలు సామాన్లామె వచ్చేది, నెత్తిన గంప, గంపలో గిన్నెలు. పాత చీరలో, దువ్వెనకు వచ్చిన వెంట్రుకల ఉండలో ఇస్తే గిన్నె ఇచ్చేది. మా అవ్వ చీర మడత విప్పి అంచు చూపించేది. ఆమె గిన్నెను గోటితో తట్టి మోగించేది. అరగంట ఇద్దరూ ఒకరినొకరు దొంగలనుకునేవాళ్ళు. బేరం తెగాక అవ్వ ఆమెకు సల్ల ఇచ్చేది. ఆ అరగంటలో వాళ్ళకన్నా సమానంగా ఉన్న ఇద్దరు మనుషులను నేను తర్వాత ఏ సభలోనూ చూడలేదు.

మరాఠీవాళ్ళ సాటేలోటేకు మన తెలుగులో పేరు కుండమార్పు. ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. మా అమ్మా, మా మేనత్తా కుండమార్పు జంట. మా నాయన చెల్లెలిని మా మేనమామకిచ్చారు, మేనమామ చెల్లెలిని మా నాయన చేసుకున్నాడు. కాబట్టి మా అమ్మకు మేనత్త ఆడబిడ్డ, అన్న పెళ్ళాం గనక వదినె కూడా. మేనత్తకు మా అమ్మ కూడా అంతే. అద్దంలో అద్దం పెట్టినట్టు. పెద్దాచిన్నా లెక్క ఎప్పుడో వదిలేసి ఇద్దరూ ఒకరినొకరు వదినె అనే పిలుచుకునేవాళ్ళు.

'ఆడబిడ్డ అర్ధమొగుడు' అని సామెత. కుండమార్పు ఇళ్ళలో ఆ సామెతకు ఊపిరాడదు, ఇక్కడ అర్ధమొగుడు వేషం వేసినామె అక్కడికి పోతే కోడలే. ఇక్కడ ఒక మాట అంటే అక్కడ ఒక మాట పడుతుంది. ఇక్కడ ఒక చీర పెడితే అక్కడ ఒక చీర వస్తుంది. కన్నడ సాటి, మరాఠీ సాటే, తెలుగు సాటి మూడూ మా ఇంటి గడప మీద కూర్చున్నాయన్నమాట.

పత్తాల ఆటలో కూడా ఇదే లావాదేవీ నడిచేది. ఆడబిడ్డ పుట్టింటికొస్తే గెలిపించి పంపాలని అవ్వ శాస్త్రం. అందుకని శివరాత్రికి మేనత్త వస్తే అమ్మ మంచి పత్తాలు పెట్టుకొని కూడా పారేసేది. సంక్రాంతికి మేం మేనమామ ఇంటికి పోతే మేనత్త పారేసేది. ఓటమికి ఓటమి మార్పిడి. అమ్మ ఆ రివాజును తెంచిన రాత్రే మేనత్త మొర పెట్టుకుంది.

ఆడదానికి ఆడదే శత్రువని తీర్పులు చెప్పేవాళ్ళు మన దగ్గర చాలామంది. వాళ్ళకు సంస్కృతం తెలిస్తే ఇంకా గట్టిగా చెప్పేవాళ్ళు. మన సవతి సంస్కృత 'సపత్ని' నుంచి వచ్చింది: ఒకే పతి కలది. సంస్కృతంలో 'సపత్నుడు' అంటే శత్రువు. భర్తకు సవతి ఉండడు కదా, ఈ పుంలింగం ఎట్లా వచ్చింది? సపత్ని అనే ఆడ పదాన్ని చూసి వెనక్కి చెక్కి దీన్ని తయారుచేశారని పండితుల నిర్ణయం. అంటే యుద్ధభూమిలో కత్తి దూసి నిలబడ్డ వీరుణ్ణి ఏమని పిలవాలో తోచక, అంతఃపురంలోకి తొంగి చూసి, సవతికి మీసాలు పెట్టి తెచ్చుకున్నారు. ఋగ్వేదం పదో మండలంలో సవతిని తొలగించుకోవడానికి ఒక సూక్తమే ఉంది, నూట నలభై అయిదోది. అదే మండలంలో ముప్పై నాలుగోది జూదరి గోడు. అందులో ఓడిపోయిన మగవాణ్ణి ఇంటిది వదిలేస్తుంది, అత్త ఛీకొడుతుంది. పాచికలు అతనివి, సంసారం పోయింది ఆమెది. ద్యూతం మన నోట్లో పడి జూదం అయ్యాక కూడా ఆ లెక్క మారలేదు.

అయితే ఒకటి గమనించాలి. సవతుల పంచాయితీలో ఇద్దరూ ఆడుతున్నది మూడోవాడి కోసం. వాళ్ళు ఆటగత్తెలు మాత్రమే కారు, పందెం కూడా వాళ్ళే. సభలో ద్రౌపదికి జరిగింది అదే. పందెంగా ఉన్నవాళ్ళు ఒకరికొకరు సాటి కాలేరు.

'ఆడది' అన్న మాటను కూడా ఇక్కడే ఒకసారి తిరగేద్దాం. ఆడేది గనక ఆడది అయిందని చెప్పే సరదా పండితులు ఉన్నారు. మా పాలమూరులో బతుకమ్మను 'ఆడతారు', పాడతారని అనరు. ఆడవాళ్ళు నీళ్ళాడతారు, పెండ్లాడతారు, మాట్లాడతారు, పోట్లాడతారు. మరి ఆ నిరుక్తి నిజమేమో అనిపిస్తుంది. కాదు. ఆటాడే 'ఆడు' వేరు, ఆడతనపు 'ఆడు' వేరు. రెండోదానికి మన 'ఆలు', తమిళుల 'పొండాట్టి'లోని 'ఆట్టి' చుట్టాలు. రెండు నదులు ఒకే పేరు పెట్టుకొని ఒకే ఊరి పక్క పారుతున్నట్టు ఇవి పారుతున్నాయి. అయినా తెలుగువాడి చెవికి ఆడదానిలో ఆట వినపడుతూనే ఉంటుంది, వినపడనీ.

ఇక ఆట సంగతి. కోస్తావాళ్ళు పేక అనేదాన్ని మేం పత్తాలు అంటాం. సంస్కృత పత్రం హిందీ ఉర్దూల్లో పత్తా అయి మాకొచ్చింది. ఆకే, పేకముక్క అయింది. ఆచూకీ అనే అర్థంలో 'పత్తా లేడు' అనే పత్తా వేరు, అది ఉర్దూ పతా. పత్తాలాటకు పోయినవాడు పత్తా లేకుండా పోవడం పదాల తప్పు కాదు. రంగుల పేర్లు ఇంకా విచిత్రం. కళావరు అంటే కళలకు సంబంధించినదేదో అనుకునేవాణ్ణి. అది డచ్చివాళ్ళ 'క్లావర్', మూడాకుల గడ్డి. ఆటీను వాళ్ళ 'హార్టెన్', హృదయాలు. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో అద్దకపు బట్టలు కొనడానికొచ్చిన డచ్చివాళ్ళు బట్టలు పట్టుకుపోయి ఈ రెండు మాటలు వదిలిపోయారు. సింహళంలో కూడా ఇవే 'కలాబర', 'హారత' అయి బతుకుతున్నాయి. పోకరులో బడాయికి వాడే బ్లఫ్ కూడా డచ్చి 'బ్లుఫెన్' నుంచే వచ్చిందంటారు.

అంతకుముందు మన దేశంలో ఆడిన గంజీఫాలో, నిర్మల్ చిత్రకారులు కూడా రంగులద్దిన ఆ గుండ్రటి పత్తాల్లో, రాజు ఉన్నాడు, వజీరు ఉన్నాడు, రాణి లేదు. మొగలుల కట్టలో 96 పత్తాలు, రాణి పత్తా ఒక్కటీ లేదు. రాణి ఐరోపా కట్టతో వచ్చింది. అదీ నాలుగు రంగులకు నలుగురు, ఎవరి రాజు కింద వాళ్ళు. మా ప్రాంతపు రాణులు అట్లా కాదు. గద్వాలలో భర్త పోయాక ఆదిలక్ష్మీ దేవమ్మ సంస్థానాన్ని తానే ఏలింది. వనపర్తి సంస్థానపు కోడలు కుముదినీ దేవి 1962లో హైదరాబాదుకు తొలి మహిళా మేయరు అయింది. పత్తాల కట్టలో రాజు మీదికి రాణి పోదు; సంస్థానాల్లో పోయింది.

ఇక పోకరు. పేరు వినగానే మనవాళ్ళకు పోకిరి గుర్తొస్తాడు, వక్కల వ్యాపారికి పోక గుర్తొస్తుంది. రెండూ చుట్టాలు కావు. జర్మన్‌లో తట్టడం, గొప్పలు కొట్టడం అనే అర్థమున్న ఒక క్రియ నుంచి ఫ్రెంచి 'పోక్' ద్వారా వచ్చిందంటారు. 19వ శతాబ్దం తొలినాళ్ళలో న్యూ ఆర్లియన్స్ నుంచి మిసిసిపీ పడవలెక్కి అమెరికా అంతా తిరిగింది. మన మూడు ముక్కలాట ఇంగ్లీషువాళ్ళ 'బ్రాగ్' అనే ఆటకు బిడ్డ. బ్రాగ్ అన్నా గొప్పలు కొట్టడమే. అందుకని మా వసారా జంపఖానాకూ లాస్ వేగస్ ఆకుపచ్చ బల్లకూ దూరపు బంధుత్వం ఉంది.

ఆ లాస్ వేగస్‌లో ఏటా జరిగే ప్రపంచ పోటీల్లో 1977లో ఆడవాళ్ళకు విడిగా ఒక ఆట పెట్టారు. అప్పటి నుంచీ ఆడవాళ్ళలో రెండు పక్షాలు. ఇక్కడైనా నిమ్మళంగా కూర్చొని ఆడొచ్చు, పక్కనున్నామె మనదే అని ఒక పక్షం. మగవాడికీ ఆడదానికీ పత్తాలు ఒకటే అయినప్పుడు మనకు వేరే పంక్తి ఎందుకు, ఇది చిన్నచూపు అని రెండో పక్షం. మగవాళ్ళను రావద్దనడానికి చట్టం ఒప్పదు గనక, 2013 నుంచి ప్రవేశరుసుము 10,000 డాలర్లు అని పెట్టి ఆడవాళ్ళకు అందులో 9,000 తగ్గించారు. బేరంలో ఆరితేరినవాళ్ళే చేయగల పని, మా అవ్వ మెచ్చుకునేది. మన దేశం నుంచి నికితా లూథర్ 2018లో అదే పోటీల్లో ఒక జట్టు ఆట గెలిచి బంగారు కంకణం తెచ్చుకుంది.

ఆ పోటీల్లో అన్నిటికన్నా పెద్ద ఆటలో చివరి తొమ్మిదిమంది మిగిలే బల్ల దగ్గరికి తొలిసారి ఒక స్త్రీ వచ్చింది 1995లో, బార్బరా ఎన్‌రైట్. రెండో ఆమె, స్పెయిన్ దేశపు లియో మార్గెట్స్, 2025లో వచ్చింది. నడుమ ముప్పై ఏళ్ళు. రెండుసార్లూ బల్ల దగ్గర ఒక్కతే ఆడది. అంటే ఆ బల్ల మీద 'సాటి ఆడదానివై ఉండి' అనే మాట ఇంతవరకు పలకడానికే వీలు పడలేదు.

ఒక్కతే ఉన్నచోట రెండో ఆమె వస్తే ఏమవుతుంది? 1970లలో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీనికి 'రాణి ఈగ' అని పేరు పెట్టారు. మగవాళ్ళ కొలువులో పైకొచ్చిన ఆడమనిషి తర్వాతి ఆడవాళ్ళకు నిచ్చెన వేయదని. తేనెతుట్టెలో మొదట బయటపడ్డ రాణి ఈగ, ఇంకా గూళ్ళలో ఉన్న అక్కచెల్లెళ్ళను కుట్టి చంపడం నిజమే. కానీ తుట్టెకు ఒక్క రాణి చాలని ఆ ఈగ పెట్టిన నియమం కాదు కదా! బల్ల దగ్గర ఒక్క కుర్చీయే వేసి, ఇద్దరు దానికోసం కొట్లాడుకున్నారని నవ్వడం నాకు రుచించదు.

పోకరులో ఇంకో నియమం ఉంది, అది అవ్వ శాస్త్రానికి సరిగ్గా ఎదురు. స్నేహం కొద్దీ, బంధుత్వం కొద్దీ ఎదుటివాళ్ళ మీద మెత్తగా ఆడితే పోటీల్లో అది తప్పు, శిక్ష పడుతుంది. ఇద్దరు మెత్తబడితే మూడోవాడు మోసపోతాడని కారణం చెబుతారు. నాకు తోచే కారణం వేరు. మెత్తగా ఆడడమంటే ఎదుటామెకు చేతకాదని చెప్పకుండా చెప్పడం. అమ్మ పదేళ్ళ పాటు మేనత్తకు అదే చెప్పింది. మేనత్త పదేళ్ళ పాటు అమ్మకు అదే చెప్పింది. 'సాటిదానివనే గదనె షో అడిగిన' అన్న మాటతో ఆ లెక్క మూసేసింది.

మా వైపు చకారం సకారమవుతుంది. చాటున అనేది 'సాటుకు'. దండోరా వేసి చెప్పడం 'సాటింపు'. ఒకటి దాచడం, ఒకటి బయటపెట్టడం. వీటికీ మన సాటికీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ మూడు ముక్కలాటలో ఈ రెండూ ఉన్నాయి. షో అంటే సాటింపే, పత్తాలు అందరి ముందూ తిప్పాలి. సైడు షో సాటుకు జరిగేది: పత్తాలు చూసుకొని ఆడుతున్నామె, తనకు ముందు ఆడినామెను పక్కకు అడుగుతుంది. ఇద్దరే ఒకరివొకరు చూసుకుంటారు, తక్కువ ఉన్నామె పారేస్తుంది. ఎందుకు పారేసిందో మిగతావాళ్ళకు తెలియదు. మరి ఇద్దరివీ సరిసమానమైతే? అడిగినామె పారేయాలి. కొలత పెట్టమన్నది ఎవరో వాళ్ళదే నష్టం.

ఆ శివరాత్రి మూడో జాముకు అయిదుగురు ఆడుతున్నారు. నేను మేనత్త వెనక గోడకానుకొని సగం నిద్రలో ఉన్నాను. కుప్ప పెరిగింది. మేనత్త అమ్మ వైపు వంగి "వదినె, సైడు షో" అంది. అమ్మ చేయి చాచింది. ఇద్దరి తలలూ దగ్గరయ్యాయి. మేనత్త భుజం మీదుగా నాకు ఆరు పత్తాలూ కనబడ్డాయి: ఇటు కళావరు రాణి, ఆటీను రాణి, ఒక తొమ్మిది, అటు ఇస్పేటు రాణి, డైమను రాణి, ఇంకో తొమ్మిది.

ఇద్దరూ ఒక క్షణం కదల్లేదు. అమ్మ ముక్కుపుడక వణికింది, నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు. "ఏమైందే?" అని అవతల నుంచి అమ్మ యారాలు అడిగింది. ఎవరూ చెప్పలేదు. మేనత్త తన మూడూ బోర్లేసి, కుప్పలోంచి ఒక పల్లికాయ తీసి, పటుక్కున ఒలిచి, ఒక్కపొద్దు సంగతి మరిచి నోట్లో వేసుకుంది. రెండో గింజ అమ్మ చేతిలో పెట్టింది.